పసుపు రాసిన డిస్కు

ఆ ఆదివారం పొద్దున్న ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు. హాల్లో పేపరు పరుచుకుని కూర్చున్న భీమశంకరరావు మావయ్య, స్నానం చేసి పూజకు సర్దుకుంటున్న పద్మావతి అత్తయ్య, పెరట్లో గిన్నెలు తోముతున్న జోగమ్మ, ముందుగదిలో మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న నాగశ్రీ వదిన, ఆ మంచం పక్కన నేల మీద కంప్యూటరు డబ్బా విప్పుకుని కూర్చున్న గౌరీశ్వరి. ఆరో మనిషి అని చెప్పదగ్గది ఇంకొకటి ఉంది. అది ఆ డబ్బాలో ఉంది. నాగశ్రీ గొంతు.

గొంతు అన్నది మాటవరసకు అన్నది కాదు. రెండేళ్ల కిందట నాగశ్రీ మెడ దగ్గర లేచిన గడ్డను డాక్టర్లు తీసేశారు. గడ్డతో పాటు గొంతులోంచి శబ్దం కూడా పోయింది. నరం దెబ్బతిందన్నారు, ఆరు నెలల్లో తిరిగి రావచ్చన్నారు, ఆ తరవాత ఏమీ అనడం మానేశారు. ఇప్పుడామె మాట్లాడితే పెదవుల మధ్య నుంచి గాలి వస్తుంది, ఆ గాలిలో మాట ఉంటుంది. పక్కన కూర్చుంటే వినిపిస్తుంది, గుమ్మం దాటితే వినిపించదు. అంతకుముందు కంచరపాలెంలో చవితి పందిట్లో నాగశ్రీ పాడుతోందంటే రైలు పట్టాల అవతలి నుంచి కూడా జనం వచ్చి నిలబడేవారు. ఆపరేషనుకు ముందు ఏడాది ఏదో పోటీకి పంపుదామని కంప్యూటరుకు మైకు తగిలించుకుని, మధ్యాహ్నాలు తలుపు వేసుకుని పాడి దాచుకుంది. పోటీకి పంపనే లేదు. మిగిలింది ఆ దాచుకున్నదే.

"సీడీ చేయించి పెడతానే, డాబాగార్డెన్స్‌లో చేస్తున్నారు" అని మావయ్య చాలాసార్లు అన్నాడు. నాగశ్రీ తల అడ్డంగా ఊపేది. షాపులో కుర్రాళ్లు వింటారట. తన గొంతు తనకే లేనప్పుడు ఊళ్లో వాళ్ల చెవిన పడడం ఆమెకు ఇష్టం లేదు. ఇంట్లో వాళ్లకు కూడా ఎప్పుడూ వినిపించలేదు.

నాగశ్రీ మావయ్య కూతురు, గౌరీశ్వరి ఆయన చెల్లెలి కూతురు. మావయ్యది కోనసీమ. పోర్టులో ఉద్యోగం రాగానే వచ్చి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. ఆయన చెల్లెల్ని మాత్రం మాడుగుల దగ్గర పల్లెటూళ్లో ఇచ్చారు. ఇంటరు అయిపోయిన గౌరిని కంప్యూటరు కోర్సు చదివిస్తానని, నాగశ్రీకి తోడుగా ఉంటుందని తీసుకొచ్చాడు. గౌరికి నలుగురిలో నోరు విప్పాలంటే భయం. విప్పితే 'నాను' అని వస్తుంది, వస్తే మావయ్య పకపకా నవ్వుతాడు. అందుకని విప్పేదే కాదు.

"ఒకత్తి మాట్లాడలేదు, ఒకత్తి మాట్లాడదు. ఈ ఇంట్లో నాకు రేడియో ఒక్కటే దిక్కు" అనేవాడు మావయ్య. ఆ మాటకు నాగశ్రీ కూడా నవ్వేది. ఆమె నవ్వుకూ శబ్దం ఉండదు, భుజాలు కదులుతాయంతే.

కొత్త సంవత్సరం నుంచి నాగశ్రీకి ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి దొరికింది. ఎక్కడో అమెరికా డాక్టర్లు చెప్పిన మాటలు చెవులకు తగిలించుకుని విని, టైపు చేసి పంపాలి. ఆ పనికి కావలసిన ప్రోగ్రాములు వేయడానికి కంప్యూటరులో చోటు చాల్లేదు. డిస్కు ఒకటే అయినా దాన్ని మూడు గదుల ఇల్లులాగా మూడు ముక్కలు చేసి పెట్టారు. మొదటి గది నిండిపోయింది, మూడో గది చాలావరకూ ఖాళీ, అందులో ఒక మూల నాగశ్రీ పాటలు. మధ్య గోడలు తీసేస్తే అంతా ఒకే హాలు అవుతుంది. కానీ గోడలు కూల్చేటప్పుడు సామాను నలిగిపోతుంది. కాబట్టి ముందు అలాంటిదే ఇంకో డిస్కు తెచ్చి, ఉన్నదున్నట్టు మొత్తం దాని మీదకు ఎక్కించి పక్కన పెట్టుకోవాలి. కోర్సులో సారు ఇదంతా చెప్పాడు. గౌరి రెండు సార్లు చేసి కూడా చూసింది.

"నాను సేస్తాను వదినా" అంది వారం కిందట, మంచం పక్కన కూర్చుని. "ఏటీ పోదు. ఒకటి పాడైనా రెండోది ఉంటాది."

నాగశ్రీ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసి, "నువ్వయితే సరే" అంది.

ఆ రెండు మాటలు గౌరి వారమంతా మోసుకు తిరిగింది. ఆ ఇంట్లో ఆమెను నమ్మి ఒకరు ఒక పని అప్పగించడం అదే మొదలు.

రెండో డిస్కు మావయ్య శుక్రవారమే తెచ్చాడు. శనివారం ఇనుము ఇంట్లోకి రాకూడదని అత్తయ్య పట్టుబట్టింది. ఎవరో వాడి అమ్మేసినది. అదే కంపెనీ, అదే సైజు, పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి. దానిలోనూ మూడు ముక్కలే ఉన్నాయని షాపువాడు చెప్పాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే చేయించుకునేవారు. మూత మీద అచ్చువేసిన అంకెలు మాత్రం వేరు. ఆ అంకెలు రాసిపెట్టుకోవాలని గౌరికి తోచలేదు. దానికి బదులు రెండు కాగితం ముక్కలు చింపి ఒకదాని మీద 'పాత', ఇంకొకదాని మీద 'కొత్త' అని రాసింది. జిగురు కోసం వెతికితే కనపడలేదు. వాళ్ల ఊళ్లో ఉత్తరాలు కూడా మెతుకుతోనే అంటిస్తారు. పొద్దున్న చద్దన్నంలోంచి రెండు మెతుకులు తెచ్చి మెదిపి చీటీలు అంటించింది.

జోగమ్మ గిన్నెలు లోపలికి తెస్తూ ఆగి చూసింది. "ఏటమ్మా ఇవి? ఇనప పుస్తకాల్నాగున్నాయి."

"ఇందులోనే అన్నీ ఉంటాయి జోగమ్మా."

"అన్నీ అంటే?"

"వదిన పాటలూ అవీ."

"ఇంత పెట్టిలో పాటలా! మా ఆయన తాగీసి పాడతాడు కదా, ఆడినీ ఇందులో ఎట్టీసి మూత మూసీగలవేటి?" అంది జోగమ్మ. నాగశ్రీ భుజాలు కదిలాయి.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "నవ్వులు సరేగానీ, అవి రెండూ ఈ పళ్లెంలో పెట్టు. యంత్రం విప్పి మళ్లీ బిగిస్తున్నారు, దేవుడి దగ్గర పెట్టకుండా ఏంటి? నువ్వు నీళ్లు పోసుకురా. పాచి ఒంటితో మళ్లీ వాటిని ముట్టుకోకు."

గౌరి డిస్కులు పళ్లెంలో పెట్టి ఇచ్చి స్నానానికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి రెండూ దేవుడి ముందు ఉన్నాయి. చీటీలు లేవు. మెతుకు మరక కూడా లేకుండా తడిగుడ్డతో తుడిచి ఉన్నాయి. ఒక డిస్కుకు మూత మీద పసుపు రాసి, పసుపు మీద కుంకుమ బొట్టు పెట్టి ఉంది. రెండోదానికి ఉత్త కుంకుమ బొట్టే. అత్తయ్య కళ్లు మూసుకుని స్తోత్రం చదువుతోంది. అది మొదలుపెడితే ఇల్లు కూలినా మధ్యలో మాట్లాడదు.

గౌరి గుమ్మంలో నిలబడింది. హాల్లోంచి మావయ్య కేక వేశాడు.

"ఏమే మాడుగుల ఇంజనీరూ! అయిందా? మధ్యాహ్నం కరెంటు తీస్తారని పేపర్లో వేశాడు. మధ్యలో పోతే అంతా గోవిందా అని నువ్వే అన్నావు."

"అవుతాది మావయ్యా" అంది గౌరి, తనకే వినపడనట్టు.

స్తోత్రం అయ్యేదాకా ఆగి అత్తయ్యను అడిగి ఉండవచ్చు. ఒక్కొక్క డిస్కునూ విడిగా తగిలించి, ఏది ఏదో తెర మీద చూసుకుని ఉండవచ్చు. సారు అలాగే చూసుకోమన్నాడు కూడా. కానీ గౌరికి అనుమానం వస్తే కదా. వాళ్ల ఊళ్లో గుమ్మంలోకి కొత్తగా ఏది వచ్చినా, చేట అయినా, నాగలి అయినా, సంతలో కొన్న ముసలి ఆవు అయినా, ముందు పసుపు రాస్తారు. ఇంట్లో పాతదానికి బొట్టు చాలు. పసుపు రాసింది కొత్తది. అది ఆమెకు రెండూ రెండూ నాలుగన్నంత తేలిగ్గా తెలిసిపోయింది. రెండూ తీసి కళ్లకద్దుకుని ముందుగదిలోకి తెచ్చుకుంది.

డిస్కు వెనక చిన్న ప్లాస్టిక్కు క్లిప్పు ఒకటి ఉంటుంది. అది ఉన్న చోటును బట్టి నువ్వు ఒకటి, నువ్వు రెండు అని కంప్యూటరుకు తెలుస్తుంది. ఉత్త బొట్టు ఉన్నదాన్ని ఒకటి చేసింది. పసుపుదాన్ని రెండు చేసింది. నకలు తీసే ప్రోగ్రాము ఉన్న ఫ్లాపీ పెట్టి స్విచ్చి వేసింది. తెర నీలంగా వెలిగింది. ఎక్కడి నుంచి అని అడిగింది, ఒకటి. ఎక్కడికి అని అడిగింది, రెండు. రెండోదానిలో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని ఎర్రక్షరాలతో అడిగింది. ఎవరో అమ్ముకున్న సామాను చెరిగితే ఎవరికి నష్టం? గౌరి సరే అని నొక్కింది.

తెర మీద సన్నటి గీత ఎడమ నుంచి కుడికి నిండడం మొదలుపెట్టింది.

"ఇంతేనా?" అంది నాగశ్రీ.

"ఇంతే వదినా. అది నిండేదాకా ముట్టుకోకూడదు."

ఇద్దరూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు. డబ్బా లోపల చిన్నగా గింజలు వేయిస్తున్నట్టు చప్పుడు. కాసేపటికి నాగశ్రీ కిందికి జరిగి గౌరి పక్కన నేల మీద కూర్చుంది.

"నేను వాటిని విననని అనుకుంటారు కదా వీళ్లు" అంది.

గౌరి తల తిప్పి చూసింది.

"రోజూ వింటాను. అమ్మ మధ్యాహ్నం నడుం వాల్చాక. చెవులకు పెట్టుకుని." కాస్త ఊపిరి తీసుకుంది. గాలితో మాట్లాడేవాళ్లకు ఊపిరి తొందరగా అయిపోతుంది. "పాటలు కాదే. పాటలు వినలేను. మూడో పాట మొదట్లో, శ్రుతి పెట్టుకున్నాక, మిక్సీ చప్పుడు వస్తుంది. అప్పుడు నేను అరుస్తాను. 'అమ్మా, ఆ మిక్సీ ఆపవే, పాడుకుంటున్నాను' అని. చిరాగ్గా. అదొక్కటే వింటాను. వెనక్కి తిప్పి, మళ్లీ వింటాను."

"ఎందుకు వదినా?"

"పాటలో గొంతు ఎవరిదైనా కావచ్చు. ఆ అరుపు నాదే." ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. "అమ్మను అలా పిలవాలని ఉంటుంది. వంటింట్లో ఉన్న మనిషిని ఇక్కణ్ణుంచి. ఇప్పుడు చప్పట్లు కొట్టి పిలుస్తున్నాను కదా, కోళ్లను తోలినట్టు."

గౌరి ఇంకాస్త దగ్గరకు జరిగింది. నాగశ్రీ చేతి మీద చెయ్యి వేసింది. తెర మీద గీత సగం దాటింది.

అది పూర్తిగా నిండేసరికి వంటింట్లోంచి పోపు వాసన వస్తోంది. మావయ్య కూడా వచ్చి గుమ్మానికి చేరబడ్డాడు.

"ఇంక గోడలు కొట్టెయ్యడమేనా?"

గౌరి తల అడ్డంగా ఊపింది. ముందు నకలు సరిగా వచ్చిందో లేదో చూడాలి, ఆ తరవాతే అసలుదాని జోలికి వెళ్లాలి. ఈ నియమం మాత్రం ఆమె మరచిపోలేదు. ఉత్త బొట్టుదాన్ని విప్పి పక్కన పెట్టింది. పసుపుదాన్ని ఒక్కదాన్నే తగిలించి స్విచ్చి వేసింది.

తెర నిండా ఒక పిల్లాడు. ఏడాది నిండని వాడు, బోసినోరు తెరిచి, నుదుటి మీద పెద్ద దిష్టిచుక్కతో నవ్వుతున్నాడు.

"ఎవడే వీడు?" అన్నాడు మావయ్య.

గౌరి తెర మీదకు వంగి చూసింది. "నకలు ఎక్కలేదు మావయ్యా. ఇది అమ్మీసినోళ్లదే, ముందు ఉన్నదే ఉండిపోయింది. మనదానికి ఏటీ అవలేదు. మళ్లీ చేస్తాను" అంది. తడబాటులో 'ఏటీ' అన్న సంగతి ఆమే గమనించలేదు. మావయ్య నవ్వలేదు.

పసుపుదాన్ని విప్పింది. ఉత్త బొట్టుదాన్ని తగిలించింది. స్విచ్చి వేసింది. కంప్యూటరు మూలిగింది, నల్లతెర మీద అక్షరాలు పరిగెత్తాయి, తెర వెలిగింది.

అదే పిల్లాడు. అదే బోసినవ్వు.

గౌరి మౌసు పట్టుకుని ఒకటో గది తెరిచింది, రెండోది తెరిచింది, మూడోది తెరిచింది. ఎవరివో పుట్టినరోజు ఫొటోలు, ఎవరిదో ఉద్యోగం అర్జీ. మళ్లీ మొదటికి వచ్చి మళ్లీ తెరిచింది. రెండిట్లోనూ ఒకటే ఉందంటే ఒకదాన్ని ఇంకొకదాని మీదకు సరిగ్గానే ఎక్కించింది. నకలు నూటికి నూరుపాళ్లూ కుదిరింది. కుదిరింది తప్పుదిక్కున.

"పాటలేవే?" అన్నాడు మావయ్య.

గౌరి మూడో గదిని ఇంకోసారి తెరిచి చూపించింది. ఆయన హాల్లోకి వెళ్లి కోర్సు సారు ఇంటికి ఫోను చేశాడు. "అదే డిస్కు మీద... అవునండీ, మొత్తం... లేదండీ, గోడలు ఇంకా తియ్యనే లేదు, కాపీ చేస్తుంటేనే... ఏదో ఒక దారి... అలాగా." ఫోను పెట్టేసిన చప్పుడు వినపడింది. తిరిగి వచ్చి కూతురి వైపు చూడకుండా, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "రాసినదాని మీద రాసేస్తే కింద ఏం మిగలదంట."

నాగశ్రీ లేచి మంచం మీదకు వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడ్చిందేమో తెలియదు. ఆమె ఏడుపుకూ శబ్దం లేదు.

"అడగొచ్చు కదే" అన్నాడు మావయ్య గౌరితో. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఏది ఏదో తెలీకపోతే ఒక్క మాట అడగొచ్చు కదే. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

గౌరి వంటింట్లోకి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకు తెలియదు, ముందుగదిలో నిలబడలేక వెళ్లింది. అత్తయ్య కూర దించి, స్టవ్వు ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుంది. హాల్లోంచి మాటలు ఆమెకు వినపడ్డట్టే ఉన్నాయి.

"చీటీలు లేకపోతే తెలుసుకోలేకపోయావా? మెతుకుతో అంటిస్తే దేవుడి దగ్గర అంటు అవదూ? అందుకని పీకేశాను. అయినా తేడా తెలిసేలాగానే పెట్టాను కదే. మన ఇంటిదానికి పసుపూ కుంకుమా. ఆ వచ్చినది ఎవరింట్లో ఏం చూసి వచ్చిందో, దానికి ఉత్త బొట్టు."

గౌరి తల దించుకుంది. వాళ్ల ఊళ్లో ఎలా పెడతారో ఇప్పుడు చెప్పి ఏం లాభం?

"సరే, ఏడవకు" అంది అత్తయ్య, గొంతు మార్చి. ఆమెది మెత్తని మనసు, ఎవరు ఏడ్చినా చూడలేదు. దగ్గరకు వచ్చి గౌరి గడ్డం ఎత్తింది. "పోతే పోయాయిలే. అదెప్పుడూ వినను కూడా వినదు. రెండేళ్లయింది, ఒక్కనాడు పెట్టిన పాపాన పోలేదు. ఉన్నకొద్దీ దానికి బెంగే. ఒకందుకు పోవడమే మంచిది."

ఆ మాట గౌరి ఓర్చుకోలేకపోయింది. పోయినది ఎంత పెద్దదో ఈ ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతోందనిపించింది. ఎన్నడూ పెద్దవాళ్ల ముందు రెండు మాటలు కలిపి మాట్లాడని పిల్ల, ఒక్కసారి నోరు తెరిచింది.

"వింటాది అత్తయ్యా. రోజూ వింటాది. మీరు నడుం వాల్చాక సెవులకెట్టుకుని వింటాది. పాటలు కాదు. అందులో ఒక దగ్గర మిమ్మల్ని పిలుస్తాదట. 'అమ్మా, ఆ మిక్సీ ఆపవే' అని అరుస్తాదట. అదొక్కటే తిప్పి తిప్పి వింటాది. మిమ్మల్ని అలా పిలవాలనుంటాదట..."

అత్తయ్య చెయ్యి గౌరి గడ్డం కింద నుంచి జారిపోయింది.

"నన్నా?" అంది.

గౌరి అప్పటికి గాని తను ఏం చేసిందో చూసుకోలేదు. అత్తయ్య మెల్లగా వెనక్కి వెళ్లి స్టవ్వు గట్టుకు వీపు ఆనించి, అలాగే కిందికి జారి నేల మీద కూర్చుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాయి, ఎండిన మెతుకును ఊడదీస్తున్నట్టు. కళ్లు ఎటూ చూడడం లేదు.

"పసుపు ఈ చేత్తోనే రాశాను" అంది. "చీటీ కూడా."

"అత్తయ్యా..."

"వెళ్లవే. వెళ్లు ఇక్కణ్ణుంచి."

జోగమ్మ పెరటి గుమ్మంలోంచి అంతా చూసింది. గౌరి తన పక్క నుంచి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపి, నెమ్మదిగా అంది. "ఆ బిడ్డ నీకు సెప్పుకున్న మాటని ఈయమ్మకెందుకమ్మా సెప్పీసినావు? అదొక్కటే కదా ఆలిద్దరి మద్దెనా మిగిలింది."

గౌరి చెయ్యి విడిపించుకుని ముందుగది వైపు వెళ్లింది. మధ్యాహ్నం తీసేస్తామన్న కరెంటు తీసేశారు. కంప్యూటరు తెర నల్లగా ఉంది. పేపరు ఎక్కడిదక్కడ వదిలేసి మావయ్య చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయినట్టున్నాడు.

నాగశ్రీ లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది. గౌరిని చూసి దగ్గరకు రమ్మని వేలితో సైగ చేసింది. కోపం లేదు ఆ ముఖంలో. అలసట ఉంది. గౌరి దగ్గరగా వెళ్లి నిలబడింది. వదిన ఊపిరి ఆమె చెంపకు తగిలింది.

"ఇందాక నీకు చెప్పాను కదా, ఆ మిక్సీ సంగతి."

గౌరి తల ఊపింది.

"అది అమ్మకు చెప్పకు. పాటలే పోయాయనుకోనీ. చీటీ పీకింది తనే కదా. తెలిస్తే అమ్మ ఇంక నా ముఖం చూడలేదు. సరేనా? ఇది ఒక్కటి చెయ్యి నాకు."

సరే అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ వంటింట్లో నేల మీద కూర్చున్న మనిషి ఇంకా అలాగే కూర్చుని ఉంది. కాసేపట్లోనో, సాయంత్రానికో ఈ గుమ్మంలోకి రాక తప్పదు. గౌరి ద్వారబంధం పట్టుకుంది. ఎదురుగా ఆమెనే చూస్తున్న కళ్లలో, పొద్దున్న నీలంతెర ముందు కూర్చున్నప్పటి నమ్మకం ఇంకా కాస్త మిగిలి ఉంది.

"సెప్పీసాను వదినా" అంది గౌరి.

నాగశ్రీ గౌరి భుజం మీదుగా ఒక్కసారి వంటింటి వైపు చూసింది. తరవాత అరచెయ్యి తలుపు మీద ఆనించి, గౌరి వేళ్లు ద్వారబంధం మీద నుంచి తీసుకునేదాకా ఆగి, మెల్లగా మూసేసింది. లోపల గడియ పడింది.